లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ

కెనడా రచయిత్రి జానెట్ ఓక్ తొలి నవల. 1979లో బెతనీ హౌస్ ప్రచురించింది. అమెరికా పశ్చిమ సీమకు వలస పోతుండగా భర్త చనిపోవడంతో గర్భవతి మార్టీ దిక్కులేనిదవుతుంది. అతన్ని పూడ్చిన రోజే క్లార్క్ డేవిస్ అనే కొత్త మనిషి పెళ్లి మాట ఎత్తుతాడు. భార్యను పోగొట్టుకున్న అతనికి కావలసింది పసిపిల్ల మిస్సీకి తల్లి. ఉండలేకపోతే వసంతంలో తూర్పుకు వెళ్లే బండ్లలో పంపిస్తానంటాడు. నవల బలమంతా ఈ గడువులోనే ఉంది: వంట, కాన్పు, చలికాలపు చాకిరి నడుమ దుఃఖం మెల్లగా తగ్గడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. క్లార్క్ రోజూ చేసే ప్రార్థన మార్టీకి మొదట వింత. బోధలకన్నా అతని నడవడి చూసే ఆమెకు నమ్మకం కుదురుతుంది. ఓక్ నేర్పు అక్కడే కనిపిస్తుంది. క్రైస్తవ ప్రణయ నవలలకు దారి వేసిన ఈ కథ 2003లో టెలివిజన్ చిత్రమైంది.