తాళం లాగి చూసిందెవరు?

2017 జనవరి 31. గ్రీనిచ్ లెక్కన రాత్రి 11 దాటింది. హైదరాబాద్‌లో అప్పుడే తెల్లవారుజాము. పాల ప్యాకెట్ల బండ్లు బయల్దేరే వేళ. మీరు గిట్‌ల్యాబ్ ఇంజినీరు కుర్చీలో ఉన్నారు. లోకమంతటి ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే చోటది. పక్క సీట్లో ఎవరూ ఉండరు. ఆ సంస్థలో ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చునే పనిచేస్తారు. ఈ రాత్రి డేటాబేస్ మీ చేతిలో ఉంది.

సాయంత్రం నుంచీ దాని మీద భారం పెరుగుతోంది. స్పామర్ల పని అని అనుమానం. అసలు సర్వర్ డీబీ1. దాని వెంటే ఉండి ప్రతి మార్పునూ రాసుకునే జంట సర్వర్ డీబీ2. ఒత్తిడికి డీబీ2 బాగా వెనకబడింది. అది అందుకోవలసిన మార్పుల చిట్టాను డీబీ1 ఈలోపే చెరిపేసుకుంది. ఇక దారి ఒకటే: డీబీ2లో ఉన్నది తుడిచేసి, డీబీ1 నుంచి మొత్తం మళ్లీ కాపీ చేయాలి.

పని చాలించి లేద్దామనుకున్నారు. లేవలేకపోయారు. కాపీ కమాండ్ ఇస్తారు. మొరాయిస్తుంది. సెట్టింగు మారుస్తారు. ఈసారి డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ మొదలుకానంటుంది. కనెక్షన్ల పరిమితిని 8,000 నుంచి 2,000కు దించుతారు. మొదలవుతుంది. మళ్లీ కాపీ కమాండ్. తప్పని అనదు, సరే అనదు. నిజానికి అది డీబీ1 పంపడం మొదలుపెట్టేదాకా నోరెత్తకుండా కాచుకుని ఉంది. ఆ సంగతి మీకు తెలియదు. డైరెక్టరీ ఖాళీగా లేదని పేచీ పెడుతోందేమో అనుకుంటారు. తుడిచేసే కమాండ్ కొడతారు. ఎంటర్.

ఒక సెకను. రెండు. చూపు సర్వర్ పేరు మీద పడుతుంది. అక్కడున్నది 2 కాదు. 1.

ఆపేస్తారు. సమయం 11:27. సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర.

చేతులు చల్లబడే క్షణమే, కానీ ఒక ధైర్యం ఉంది. బ్యాకప్‌లున్నాయి కదా! ఒకటి కాదు, అయిదు రకాల ఏర్పాట్లు. ఒక్కో తలుపూ తట్టడం మొదలవుతుంది.

రోజూ పూర్తి కాపీ వెళ్లి పడే అమెజాన్ నిల్వ తెరిచారు. ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్, కాపీ తీసే సాధనం 9.2. రోజూ పని మొదలవడం, తప్పు చూపి ఆగిపోవడం. ఆగిపోయానని అది మెయిల్ కూడా పంపుతూనే ఉంది. ఆ మెయిళ్లకు ఉండవలసిన డిజిటల్ సంతకం లేదని మెయిల్ వ్యవస్థ వాటిని గుమ్మంలోనే తిప్పికొట్టింది. గంట మోగింది, వినే చెవి లేదు.

క్లౌడ్ డిస్కుల స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణాన ఉన్నదున్నట్టు తీసే నకళ్లు? ఫైళ్ల సర్వర్లకు పెట్టారు, డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. తక్కినవి ఉన్నాయిగా, చాలులే అనుకున్నారు. జంట సర్వర్? దాన్ని బాగుచేయబోయే కదా ఇంతా జరిగింది.

చివరికి ఒకటి దొరికింది. ఆరు గంటల కిందట మరేదో ప్రయోగం కోసం మీరే చేత్తో తీసిన స్నాప్‌షాట్, పరీక్షల సర్వర్‌లో ఉంది. ఎవరి ప్రణాళికలోనూ లేని కాపీ. ఆ ప్రయోగం మర్నాటికి వాయిదా పడి ఉంటే, నష్టం ఆరు గంటల డేటాతో ఆగేది కాదు.

దొరికినంత మాత్రాన తీరలేదు. అది నెమ్మది డిస్కుల మీద ఉంది. కాపీ గంటల తరబడి పాకుతూనే ఉంది. సంస్థ ఏదీ దాచలేదు. జరుగుతున్నదంతా అందరూ చదవగలిగే పత్రంలో రాస్తూ, యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. వేల మంది కళ్లప్పగించి చూశారు. మర్నాడు సాయంత్రం ఆరు ప్రాంతంలో సైటు తిరిగి లేచింది. కోడ్ భద్రంగానే ఉంది. కానీ ఆ ఆరు గంటల్లో నమోదైన దాదాపు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలోంచి లేచి మీ దుకాణానికో, ఆసుపత్రికో, ఆడిటర్ ఆఫీసుకో రండి. ఆ రాత్రి తేల్చిన రెండు లెక్కలు మీకూ కావాలి. ఎన్ని గంటల డేటా పోయినా తట్టుకోగలరు? ఎన్ని గంటలు తలుపులు మూసుకుని ఉండగలరు? ఈ రెండింటికీ జవాబు రాసుకుంటే, కాపీ ఎంత తరచుగా తీయాలో, ఎంత వేగంగా తిరిగి తేగల చోట పెట్టాలో తెలుస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం ఆ తర్వాతి మెట్టు. బిల్లింగ్ కంప్యూటర్‌కే తగిలించి ఉంచిన హార్డ్‌డిస్కు రెండో ప్రతి అనిపించుకోదు. వైరస్ వస్తే రెండూ కలిసే పోతాయి.

గిట్‌ల్యాబ్ ఆ తర్వాత ప్రచురించిన నివేదికలో నన్ను ఆగి ఆలోచింపజేసింది తప్పుడు కమాండ్ కాదు, ఒక ప్రశ్న. బ్యాకప్‌లను ఎందుకు పరీక్షించలేదు? ఆ పని ఫలానావారిదని ఎవరికీ అప్పగించలేదు కాబట్టి. అయిదు ఏర్పాట్లున్నాయి, వాటికి ఒక్క యజమాని లేడు.

మన ఇళ్లలో ఊరెళ్లేటప్పుడు తాళం వేశాక ఒకరు దాన్ని పట్టుకుని గట్టిగా లాగి చూస్తారు. ఆ మనిషెవరో ఇంట్లో అందరికీ తెలుసు. మీ సంస్థలో ఆ మనిషి పేరేమిటి? నెలకోసారి ఒక పాత ఫైలును బ్యాకప్‌లోంచి నిజంగా బయటికి తీసి, తెరిచి, చదివి చూసేదెవరు? జవాబు వెంటనే రాకపోతే, ఈరోజే ఒకరికి అప్పగించండి.