పంక్తిలో పీట దొరకని లోహం

ఇండియం అనే లోహాన్ని మనలో చూసినవాళ్ళు తక్కువే. పేరు మాత్రం మనదే సుమండీ! నీలిమందును ఇంగ్లీషువాళ్ళు ఇండిగో అన్నది మన దేశం పేరును బట్టే. ఆ ఇండిగోలోంచి వచ్చింది ఇండియం. పుట్టిల్లు జర్మనీలోని ఫ్రైబర్గ్. 1863లో అక్కడ రైక్ అనే ప్రొఫెసరు జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్నాడు. పాపం, ఆయనకు రంగులు తెలియవు. అందుకని వర్ణపటం చూడమని రిక్టర్‌ను కూర్చోబెట్టాడు. రిక్టర్ కంటికి అంతవరకూ ఎవరూ చూడని నీలిగీత ఒకటి కనిపించింది.

కొత్త లోహమని తేలింది గాని, దాని స్వభావం తేలలేదు. ఆక్సిజన్‌తో ఒకటికి ఒకటి చొప్పున కలుస్తుందనుకుని పరమాణుభారం 75.6 అని లెక్క కట్టారు. 1869లో మూలకాల పట్టిక వేసిన మెండలీఫ్‌కు ఆ అంకె ఎక్కడా ఇమడలేదు. పక్కన ప్రశ్నార్థకం తగిలించి ఓ మూల కూర్చోబెట్టాడు. తర్వాత ఆయనే, రెండు ఇండియాలకు మూడు ఆక్సిజన్‌లైతే భారం 113 అవుతుంది, కాడ్మియానికీ తగరానికీ మధ్య పీట ఖాళీగానే ఉంది కదా అన్నాడు. బాగానే ఉంది. కాని పీట ఖాళీగా ఉందని ఎవర్ని పడితే వాళ్ళను కూర్చోబెడతామా? పట్టికనే నమ్మనివాళ్ళున్న రోజులవి.

తగువు తీర్చింది వేడి. సమాన బరువున్న నీళ్ళూ ఇనుమూ ఒకేలా వేడెక్కాలంటే, నీళ్ళకు పట్టే వేడిలో తొమ్మిదోవంతు ఇనుముకు చాలు. సీసానికైతే ముప్పయ్యోవంతే. దీన్నే విశిష్టోష్ణం అంటారు. దాన్ని పరమాణుభారంతో హెచ్చవేస్తే చాలా లోహాలకు 6 కు కాస్త అటూ ఇటూగా వస్తుందని 1819లోనే ఫ్రాన్సులో డ్యూలాంగ్, పెటీ చెప్పారు.

1870లో బున్సెన్ రంగంలోకి దిగాడు. సైన్సు చదివినవాళ్ళకు బర్నరు బున్సెనే! మంచు కరిగితే చోటు తగ్గుతుంది. ఆయన లోహపుముక్కను కాచి, చుట్టూ మంచున్న గొట్టంలో వేశాడు. ఎంత చోటు తగ్గిందో పాదరసమున్న సన్నగొట్టంలో చూసి, ముక్క ఎంత వేడి ఇచ్చిందో లెక్క తేల్చాడు. ఇండియం దొరకడమే కష్టం. ఈ పద్ధతికి చిన్నముక్క చాలు. జవాబు 0.057. 75.6తో హెచ్చవేసి చూడండి, 4.3 వస్తుంది. 113తో అయితే 6.4.

నన్నడిగితే ఈ కథలో మెండలీఫ్ కంటే బున్సెన్ మీదే నాకు గౌరవం. ఊహించడం గొప్పే, కాని ఆ చిన్నముక్కను కాచి చూసిందీయన.

ఇండియం ఇప్పటికీ ఆ పీట మీదే ఉంది, 49వ నంబరుగా. సెల్‌ఫోను తెరల్లో పారదర్శకంగా ఉండి కరెంటు ప్రవహింపజేసే పూత చాలావరకు ఇండియం ఆక్సైడే. అందులో కలిపేది పక్కపీట తగరాన్నే.