మూడుకు అటూ ఇటూ

నా బల్ల సొరుగులో ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. అందులో జమాఖర్చులు లేవు. తేదీ, దాని ఎదుట ఒక అంకె, ఆ పక్కన మాత్ర మోతాదు, అంతే. 2.8, 1.9, 4.6, 2.2. చిన్ననాడు వచ్చిన కీళ్లవాతపు జ్వరం నా గుండెలోని ఒక కవాటాన్ని పాడుచేసింది. దాని స్థానంలో కృత్రిమ లోహ కవాటం అమర్చి పద్నాలుగేళ్లయింది. దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా నిత్యం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి. ఐ.ఎన్.ఆర్. అనే ఆ అంకె నాకు రెండున్నరకూ మూడున్నరకూ నడుమ ఉండాలని వైద్యుల నిర్ణయం. తగ్గితే గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. మరీ పెరిగితే లోలోపలే రక్తస్రావం కావచ్చు.

అంకె తప్పినప్పుడల్లా నేను పరీక్ష తప్పిన పిల్లవాడిలా ముడుచుకుపోయేవాణ్ణి. ఒకసారి 1.9 చూసి ఒక వైద్యుడు "ఆకుకూరలు తిన్నారా?" అని గద్దించాడు. ఆనాటి నుంచి మా ఇంట తోటకూర, పాలకూర, గోంగూర అన్నిటికీ స్వస్తి చెప్పాము. అయినా అంకె నిలకడకు రాలేదు సరికదా, మరింత ఎగుడుదిగుడైంది. కారణం వెదకబోయి ఈ మందు చరిత్రలోకి అడుగుపెట్టాను.

ఆ కథ పశువుల కొట్టంలో మొదలవుతుంది. 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ పశువులు చిన్న గాయానికే నెత్తురు ఆగక చనిపోసాగాయి. తీపి క్లోవర్ అనే మేత తడిసి బూజుపట్టడమే కారణమని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు తేల్చాడు. 1933 ఫిబ్రవరిలో, మంచుతుఫాను నడుమ, విస్కాన్సిన్ రైతు ఒకడు చచ్చిన పెయ్యనూ, పాల క్యానులో గడ్డకట్టని నెత్తురునూ, బూజుపట్టిన గడ్డినీ తీసుకుని దాదాపు 190 మైళ్లు ప్రయాణించి మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్ ఆ రోజు అతనికి ఇవ్వగలిగిన ఊరట స్వల్పం: ఆ గడ్డి వేయవద్దు, వీలైతే పశువులకు మంచి రక్తం ఎక్కించమన్నాడు. కాని ఆ పాలక్యాను ఆయన బృందాన్ని నిద్రపోనివ్వలేదు. ఆరేళ్ల శ్రమ తరువాత 1939లో డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దాని సంతతిలోనిదే వార్ఫరిన్. 1948లో అది మొదట ఎలుకలమందుగా బజారుకెక్కింది. 1951లో దానిని మింగిన ఒక సైనికుణ్ణి విటమిన్-కె ఇచ్చి బతికించారు. విరుగుడు ఉన్నదని తేలడంతో మనుషులకూ వాడవచ్చునన్న ధైర్యం పెరిగింది. 1954లో అనుమతి లభించింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇదే మందు ఇచ్చారు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మందు కథ కాదు, కొలత కథ. నెత్తురు ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే పరీక్షను 1935లో ఆర్మండ్ క్విక్ ప్రవేశపెట్టాడు. దానికి థ్రాంబోప్లాస్టిన్ అనే పదార్థం కావాలి. దానిని కుందేలు మెదడు వంటి జంతు కణజాలాల నుంచి తీసేవారు. ఒక్కొక్కచోట తయారైన దానికి ఒక్కొక్క చురుకుదనం. ఉదాహరణకు మామూలు మనిషి నెత్తురు 12 సెకన్లలో గడ్డకడుతుందనుకుందాం. నేడు మనం 3 అని పిలిచే రోగి నెత్తురు ఒక పదార్థంతో 36 సెకన్లు, మందకొడిగా ఉండే మరొక పదార్థంతో సుమారు 21 సెకన్లు చూపించగలదు. అమెరికాలో వాడినవి బ్రిటన్‌వాటికన్న మందకొడివి కావడంతో అక్కడి రోగులకు అవసరానికి మించిన మోతాదులు పడి రక్తస్రావాలు పెరిగాయి. నెత్తురు ఒకటే, మందు ఒకటే, తూకపురాయిలోనే తేడా! మాంచెస్టర్‌లో లియన్ పాలర్ ప్రామాణీకరణకై ఏళ్లతరబడి శ్రమించాడు. టామ్ కర్క్‌వుడ్ ప్రతిపాదించిన గణితసూత్రాన్ని 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించింది. అలా పుట్టినదే ఐ.ఎన్.ఆర్.

అంటే నా పుస్తకంలోని ఈ అంకె కూడా ఎందరో తప్పులు దిద్దుకుంటూ కుదుర్చుకున్న ఒడంబడిక. ఇప్పటికీ అది గీసిన గీత కాదు, రెండు గట్ల నడుమ ప్రవాహం. ఈ రోజు మార్చిన మోతాదు ఫలితం రెండు మూడు రోజులకు గాని కనబడదు. పూర్తిగా కుదురుకోవడానికి వారమో, అంతకుమించో పడుతుంది. కారణం, గడ్డకట్టించే కారకాలలో ఒకదాని ఆయువు గంటలలో ఉంటే, ప్రోత్రాంబిన్ ఆయువు రోజులలో ఉంటుంది. ఈలోగా తొందరపడి మళ్లీ మారిస్తే ఊపు ఇంకా పెరుగుతుంది. నా 4.6 వెనుక ఉన్నది ఆకుకూర కాదు, అంతకుముందు వారం జ్వరానికి వాడిన యాంటీబయాటిక్.

ఇక ఆకుకూరల సంగతి. వార్ఫరిన్ పని విటమిన్-కెను శరీరం మళ్లీ వాడుకోకుండా అడ్డుకోవడం. ఆ విటమిన్‌ను పూర్తిగా మానేసినవాడి ఒంట్లో నిల్వ తరుగుతుంది. అప్పుడు ఏ పెళ్లిభోజనంలోనో తిన్న గరిటెడు తోటకూర కూడా పెద్ద అలజడి అవుతుంది. 2007లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిశోధకులు, నిలకడలేని రోగులకు రోజుకు 150 మైక్రోగ్రాముల విటమిన్-కె ఇచ్చి చూడగా అంకె మెరుగుపడింది. తరువాతి పరిశోధనలు అంత స్పష్టంగా పలకలేదు గనుక ఎవరూ సొంతంగా ప్రయోగించరాదు. కాని మానడం కాదు, సమంగా తినడం ముఖ్యమన్న మాట నిలిచింది.

పరీక్షలతో పనిలేని కొత్త మందులు 2010 నుంచి వచ్చాయి. వాటిలో ఒకదానిని మావంటి లోహకవాటాల వారిపై పరీక్షించగా గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరగడంతో 2012లో ఆ ప్రయోగం ఆపివేశారు. కనుక మాకు ఆ పాలక్యాను వారసత్వమే దిక్కు.

మొన్నటి పరీక్షలో 3.7 వచ్చింది. ఇప్పుడు చూస్తున్న వైద్యురాలు పుస్తకం పాత పేజీలు తిరగేసి, మోతాదు మార్చకుండా పదిరోజుల తరువాత రమ్మన్నారు. నేను అంకె రాసుకుని ఇంటికి వచ్చాను. మా ఇంటావిడ సంశయంగా "ఎంత?" అంది. చెప్పాను. "మరి కూర?" అంది. బుధవారం కదా, తోటకూర పప్పు వంతు. వండమన్నాను.