అటవీ నేలల్లో సేంద్రియ కర్బన పరీక్ష

కుళ్ళిన ఆకులు, వేర్లు, సూక్ష్మజీవుల అవశేషాల రూపంలో నేలలో నిల్వ ఉన్న కర్బనాన్ని ప్రయోగశాలలో కొలవడాన్ని సేంద్రియ కర్బన పరీక్ష అంటారు. ఇందుకు విరివిగా వాడే వాక్లీ-బ్లాక్ పద్ధతిని 1934లో ప్రకటించారు. పొలం మట్టికి సరిపోయే ఈ పద్ధతిని అడవి మట్టికి వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించకపోతే ఫలితం తప్పుతుంది.

నమూనా తయారీ

నేలపై ఉన్న ఆకుల పొరను తీసి వేరుగా తూస్తారు. మట్టిని నీడలో ఆరబెట్టి, వేర్లు, రాళ్ళు ఏరివేసి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. అందులో కొంత భాగాన్ని మెత్తగా నూరి పరీక్షకు తీసుకుంటారు.

పరీక్షా విధానం

1 గ్రాము మట్టికి 10 మి.లీ. 1 నార్మల్ పొటాషియం డైక్రోమేట్ ద్రావణం, 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 30 నిమిషాలు ఉంచుతారు. ఆమ్లం వల్ల పుట్టిన వేడిలో డైక్రోమేట్ కర్బనాన్ని ఆక్సీకరిస్తుంది. తరువాత 200 మి.లీ. నీరు, 10 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైలమిన్ సూచిక చేర్చి, మిగిలిన డైక్రోమేట్‌ను 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు. ద్రావణం ఆకుపచ్చగా మారడం ముగింపుకు గుర్తు. మట్టి లేకుండా కూడా ఇదే పరీక్ష చేసి, రెండు కొలతల తేడాను లెక్కిస్తారు.

ఉదాహరణకు మట్టి లేనప్పుడు 20 మి.లీ., మట్టి ఉన్నప్పుడు 14 మి.లీ. ఖర్చయితే కర్బనం 0.9 శాతం. ఈ పద్ధతిలో సగటున 77 శాతం కర్బనమే ఆక్సీకరణ చెందుతుంది కనుక 1.3తో హెచ్చిస్తే 1.17 శాతం వస్తుంది.

పరిమితులు

* 10 మి.లీ. డైక్రోమేట్ 0.03 గ్రాముల కర్బనాన్ని మాత్రమే ఆక్సీకరించగలదు. కర్బనం అధికంగా ఉన్న అటవీ నేలలకు తక్కువ మట్టి తీసుకోవాలి.
* కార్చిచ్చు వల్ల ఏర్పడిన బొగ్గు పూర్తిగా ఆక్సీకరణ చెందదు. అందువల్ల ఫలితం తగ్గుతుంది.
* కోరింగ వంటి మడ అడవుల మట్టిలోని క్లోరైడు వల్ల ఫలితం పెరుగుతుంది. దీనిని నివారించడానికి సిల్వర్ సల్ఫేట్ కలుపుతారు.
* వాడిన ద్రావణంలో మిగిలే క్రోమియం విషపూరితం. దానిని కాలువలో పారబోయరాదు.

కర్బన నిల్వ

శాతం తెలిసినంత మాత్రాన నిల్వ తెలియదు. కర్బన శాతాన్ని మట్టి స్థూల సాంద్రతతోను, సెంటీమీటర్లలో లోతుతోను హెచ్చిస్తే హెక్టారుకు టన్నులు వస్తాయి. 1.2 శాతం కర్బనం, ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాముల సాంద్రత, 30 సెంటీమీటర్ల లోతు ఉంటే నిల్వ 43.2 టన్నులు. ఆ నేల ఘనపరిమాణంలో నాలుగో వంతు రాళ్ళే అయితే అది 32.4 టన్నులే. జల్లెడలో మిగిలిన రాళ్ళను కొలవకుండా పారవేస్తే అడవిలో లేని కర్బనం లెక్కలో చేరుతుంది.