ఎనిమిది భుజాల కుండం: మిలాన్ కతీడ్రల్ అడుగున నాలుగో శతాబ్దం

ఉత్తర ఇటలీలోని మిలాన్ నగరం నడిబొడ్డున ఉన్న కతీడ్రల్‌కు, అంటే మేత్రాసనపు పీఠాధిపతి ఆసనం ఉండే ప్రధాన దేవాలయానికి, 1386లో పునాది పడింది. కాండోలియా గనుల పాలరాతితో శతాబ్దాల పాటు సాగిన ఆ నిర్మాణంలో ముఖభాగం పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో, నెపోలియన్ హయాంలో గాని పూర్తి కాలేదు. ఆ దేవాలయపు శిఖరాల గురించీ శిల్పాల గురించీ రాసినవారు ఎందరో ఉన్నారు. అయితే ముఖద్వారం దాటగానే లోపలి గోడ వారగా కిందికి దిగే మెట్లు, ఈనాటి నేలకు సుమారు 4 మీటర్ల లోతున ఉన్న మరో నేల మీదికి, నాలుగో శతాబ్దపు నగరంలోకి చేరుస్తాయి. అక్కడ మిగిలినవి కొన్ని గోడల మొదళ్లు, పాలరాతి పలకల ముక్కలు, మధ్యలో ఎనిమిది భుజాల కుండం మాత్రమే. కంటికి ఆనేది ఇంత తక్కువైనా, తొలినాళ్ల క్రైస్తవుల కర్మకాండ ఒకటి ఎలా జరిగేదో చెప్పే పీఠాధిపతి మాటలూ, అది జరిగిన చోటూ రెండూ కలిసి దక్కడం చాలా అరుదు గనుక, ఈ శిథిలాల విలువ పైనున్న శిఖరాల విలువకు తీసిపోదు.

కుండం కథకు ముందు ఆ నగరం కథ కొంత తెలియాలి. ఇన్సుబ్రులనే కెల్టు తెగవారి ఊరిని రోమన్లు క్రీ.పూ. 222లో జయించారు, వారి నోట అది మెడియొలానుమ్ అయింది. చాలాకాలం అది ఒక సంపన్నమైన రాష్ట్ర పట్టణం మాత్రమే. క్రీ.శ. 286లో మాక్సిమియన్ చక్రవర్తి దాన్ని తన నివాసంగా చేసుకోవడంతో, పశ్చిమ రోమన్ సామ్రాజ్యపు పాలన రోము నుంచి కాక అక్కడి నుంచే సాగడం మొదలై, 402లో హొనోరియస్ చక్రవర్తి భద్రత కోసం రావెన్నాకు తరలిపోయేదాకా కొనసాగింది. రాజభవనం, స్నానశాలలు, రథాల పందేల మైదానం, కొత్త కోటగోడలు అన్నీ ఆ నూటపదహారేళ్ల హోదాకు గుర్తులుగా లేచాయి. వాటిలో నేల మీద నిలిచినవి కొద్దిగానే ఉన్నా, రాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు: రోమన్ల ఫోరమ్‌కు, అంటే సభలకూ వ్యాపారానికీ కేంద్రమైన చౌకుకు, పరచిన రాతి పలకలే నేటి సాన్ సెపోల్క్రో దేవాలయపు నేలమాళిగలో కనిపిస్తాయి, గ్లాడియేటర్ల పోరాటాలు జరిగిన ఆంఫిథియేటర్‌ను విప్పి తీసిన పెద్ద బండలు సాన్ లొరెంజో దేవాలయానికి పునాదులయ్యాయి. మిలాన్‌లో పాతదాన్ని కూల్చడమూ కొత్తదాన్ని కట్టడమూ ఎప్పుడూ ఒకే పనిగా జరిగాయి.

313లో కాన్‌స్టంటైన్, లిసినియస్ చక్రవర్తులు మిలాన్‌లో కలుసుకుని క్రైస్తవులతో సహా అందరికీ ఆరాధనా స్వేచ్ఛ ఇవ్వాలని ఒప్పుకున్న తరువాత, దాగి ఉండవలసిన అవసరం తీరిన సంఘం నగరం మధ్యలోనే దేవాలయాలు కట్టుకుంది. వాటిలో పెద్దది, నాలుగో శతాబ్దం మధ్యలో లేచి తరువాతి కాలంలో సాంతా తెక్లా అని పేరుపొందిన బసిలికా. బసిలికా అంటే మొదట దేవాలయం కాదు. న్యాయవిచారణలకూ లావాదేవీలకూ రోమన్లు కట్టుకున్న పొడవాటి సభామండపం. విగ్రహం ముందు బయట నిలబడే ఆరాధనకు సరిపోయిన పాత గుడి కంటే, లోపల జనసమూహం పట్టే ఈ మండపమే క్రైస్తవులకు అనువుగా తోచింది. స్తంభాల వరసలతో అయిదు పాయలుగా విడిన సాంతా తెక్లా ఇప్పటి కతీడ్రల్ ముందున్న విశాలమైన చౌకు అడుగున ఉండగా, దాని తూర్పు చివరకు వెనుక, ఇప్పటి ముఖద్వారం పరిసరాల్లో, విడిగా కట్టిన జ్ఞానస్నాన మందిరం ఉంది. తెలుగునాట కాథలిక్కులు జ్ఞానస్నానమనీ, ప్రొటెస్టెంట్లు బాప్తిస్మమనీ పిలిచే సంస్కారానికి కేటాయించిన ఈ మందిరాన్ని సాన్ జొవాన్ని అల్లె ఫోంతి, అంటే నీటికుండాల దగ్గరి యోహాను మందిరం, అని వ్యవహరిస్తారు.

దీన్ని కట్టించిన ఘనతను సంప్రదాయం ఆంబ్రోస్‌కు ఇస్తుంది. ఆయన రోమన్ అధికారి. మిలాన్ కేంద్రంగా ఉన్న ఎమిలియా-లిగూరియా రాష్ట్రానికి పాలకుడు. క్రీస్తు తండ్రికి సమానుడు కాడనే ఏరియన్ వాదాన్ని నమ్మిన పీఠాధిపతి ఔక్సెంతియస్ 374లో చనిపోయినప్పుడు, వారసుడి ఎన్నికలో గొడవలు రేగకుండా చూడటానికి వెళ్లిన ఈ పాలకుడినే ఇరుపక్షాల జనమూ తమ పీఠాధిపతిగా కోరుకున్నారు. అప్పటికి ఆయన జ్ఞానస్నానం కూడా పొందలేదు. వారం తిరిగేలోగా స్నానమూ అభిషేకమూ రెండూ జరిగిపోయాయి. 397లో మరణించేదాకా ఇరవైరెండేళ్లకు పైగా ఆ పీఠం మీద ఉన్న ఆంబ్రోస్, కట్టడాల విషయంలో పరిపాలకుడి నేర్పునూ, బోధనలో న్యాయవాది వాక్పటిమనూ వదులుకోలేదు.

మందిరం ఎనిమిది భుజాల కట్టడం; అడ్డంగా సుమారు 19 మీటర్లు. లోపలి గోడల్లో ఎనిమిది గూళ్లు, ఒకటి చతురస్రంగా ఒకటి అర్ధవృత్తంగా, మార్చి మార్చి అమరి ఉంటాయి. మధ్యనున్న కుండమూ ఎనిమిది భుజాలదే. పెద్దవాళ్లు నిలబడి స్నానం చేసేంత వెడల్పుతో, నీరు లోపలికి వచ్చి వెలుపలికి పోయే ఏర్పాట్లతో ఉంటుంది. గోడలను పాలరాతి పలకలతోనూ, పైభాగాన్ని బంగారు పూత గాజు బిళ్లల మొజాయిక్‌తోనూ అలంకరించారని తవ్వకంలో దొరికిన ముక్కలు చెబుతున్నాయి. ఈ ఆకృతి క్రైస్తవులు కొత్తగా కనిపెట్టింది కాదు. గూళ్లతో కూడిన అష్టభుజి మందిరం రోమన్ రాజకుటుంబాల సమాధి కట్టడాలకు పరిచితమైన రూపం. మిలాన్‌లోనే సాన్ వితోరె దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. నీటి ఏర్పాటు స్నానశాలల నుంచి, గోడల ఆకృతి సమాధుల నుంచి వచ్చాయన్నమాట. నీటిలో మునగడం క్రీస్తుతో పాటు పాతిపెట్టబడటమనీ, పైకి లేవడం ఆయనతో పాటు తిరిగి బతకడమనీ పౌలు రోమీయులకు రాసిన లేఖలో చెప్పిన భావాన్ని నిర్మాణంలోకి తెచ్చిన తీరు అది. కుండం చూపులకు సమాధిలాగే ఉంటుందని ఆంబ్రోసే తన బోధనలో అన్నాడు.

ఎనిమిది అన్న సంఖ్యకూ అర్థముంది. సృష్టి ఏడు రోజుల్లో ముగిసింది గనుక, ఏడో రోజైన శనివారం దాటాక వచ్చే ఆదివారం వారానికి మొదటి రోజే కాక ఎనిమిదో రోజు కూడా. క్రీస్తు లేచింది ఆ రోజే గనుక అది పాత లెక్కకు బయట మొదలైన కొత్త సృష్టికి సంకేతం. ఆంబ్రోస్ రచనగా చెప్పే ఎనిమిది ద్విపదల లాటిన్ శాసనం ఒకటి ఈ మందిరపు గోడ మీద ఉండేది. రాయి పోయింది గాని, మధ్యయుగంలో ఎవరో ప్రాచీన శాసనాలను సేకరిస్తూ చేసుకున్న నకలులో పాఠం నిలిచింది. ఎనిమిది గూళ్ల మందిరం, ఎనిమిది భుజాల కుండం అంటూ మొదలయ్యే ఆ పద్యాన్ని శతాబ్దాల పాటు పండితులు కాగితం మీదే చదువుకున్నారు. తవ్వకం పూర్తయ్యాక గూళ్లు లెక్కపెడితే సరిగ్గా ఎనిమిదే ఉన్నాయి. పురావస్తు పరిశోధనలో ఇలాంటి క్షణాలకు వెలకట్టలేం. ఏ ఏడాదిలో ఏ రాయి పెట్టారన్న విషయంలో, ఆంబ్రోస్ మొదలుపెట్టాడా, ఉన్నదాన్ని పూర్తిచేశాడా అన్న విషయంలో పండితులు వాదించుకోవచ్చు గాని, ఆ సంఖ్యకు అర్థం చెప్పిన మనసు ఆయనదేనని నమ్మడానికి ఈ సరిపోలిక బలమైన ఆధారం.

ఆ నీటిలో ఏం జరిగేదో ఆయన బోధనల నుంచే తెలుస్తుంది. ఆ కాలంలో జ్ఞానస్నానం ఎక్కువగా పెద్దవాళ్లకు, ఏడాదికి ఒకసారి, ఈస్టర్ ముందటి రాత్రి జాగరణలో జరిగేది. అందులో జరిగేది స్నానార్థులకు ముందుగా చెప్పేవారు కాదు, అనుభవించాకే వివరణ. అందువల్ల ఈస్టర్ తరువాతి వారంలో ఆంబ్రోస్ కొత్తవారికి ఇచ్చిన ప్రసంగాలు 'సంస్కారాలు', 'మర్మాలు' అన్న అర్థం వచ్చే పేర్లతో రెండు గ్రంథాలుగా నిలిచాయి. మొదటిదాన్ని వింటూ ఎవరో సంక్షిప్తలిపిలో రాసుకున్నారని పండితుల అభిప్రాయం. వాక్యాల్లోని మాటల వేడి చూస్తే అది నిజమే అనిపిస్తుంది. ముందు పీఠాధిపతి వారి చెవులనూ ముక్కునూ తాకి, తెరుచుకో అన్న సువార్త మాటను పలికేవాడు. లోపలికి రాగానే, పోటీకి దిగే మల్లుడికి పూసినట్టు ఒంటికి నూనె రాసేవారు. సైతానునూ వాడి పనులనూ, లోకాన్నీ దాని సుఖాలనూ విడిచిపెడుతున్నానని చెప్పించి, తూర్పుకు తిప్పేవారు. నీటిని ఆశీర్వదించాక, తండ్రినీ కుమారునీ పరిశుద్ధాత్మనూ నమ్ముతున్నావా అని విడివిడిగా మూడుసార్లు అడిగి, నమ్ముతున్నానన్న ప్రతిసారీ ముంచేవారు. పైకి వచ్చిన తరువాత తలకు పరిమళ తైలం, పాదాలు కడగడం, ఆ పైన తెల్లని వస్త్రాలు.

పాదాలు కడిగే ఈ ఆచారం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తెలుగు కాథలిక్కులు పవిత్ర గురువారం నాడు చూసే పాదప్రక్షాళన, మిలాన్‌లో జ్ఞానస్నానంలోనే భాగంగా ఉండేది. రోములో అలా ఉండేది కాదు. రోము సంఘం చేయనిది మీరెందుకు చేస్తున్నారన్న ప్రశ్న ఉందని ఎరిగిన ఆంబ్రోస్, రోమును అన్నిటా అనుసరించాలనే తమ కోరిక అని చెబుతూనే, తామూ మనుషులమేననీ, తమకూ వివేకముందనీ బదులిచ్చాడు. రోము మీద గౌరవాన్నీ సొంత సంఘపు సంప్రదాయం మీద పట్టునూ ఒకే శ్వాసలో చెప్పిన ఆ మాటలో, తరువాత శతాబ్దాల పాటు తన ప్రత్యేక ఆరాధనా పద్ధతిని, నేటికీ ఆంబ్రోసియన్ రీతి అని పిలిచేదాన్ని, నిలుపుకున్న మిలాన్ స్వభావం ముందే వినిపిస్తుంది.

387 ఏప్రిల్ 24 రాత్రి జరిగిన జాగరణలో ఆ నీటిలోకి దిగినవారిలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక వక్తృత్వ శాస్త్ర ఆచార్యుడు, అతని పదిహేనేళ్ల కొడుకు అదియోదాతుస్, స్నేహితుడు అలీపియస్ ఉన్నారు. ఆ ఆచార్యుడే అగస్టీన్. 384లో ఉద్యోగం కోసం వచ్చి, మాట తీరు చూద్దామని ఆంబ్రోస్ ప్రసంగాలు వినడం మొదలుపెట్టి, మాటతో పాటు విషయమూ మనసుకెక్కి మారిన మనిషి ఆయన. ఆ స్నానానికి ముందటి ఏడాది, రాజమాత జుస్తీనా ఏరియన్ల కోసం ఒక బసిలికాను అడిగితే ఆంబ్రోస్ ఒప్పుకోక, జనం దేవాలయంలోనే రాత్రుళ్లు కాపలా ఉండి కీర్తనలు పాడారు. ఆ జనంలో అగస్టీన్ తల్లి మోనికా ఉంది. తన ఆత్మకథలో అగస్టీన్ ఆ పాటలకు ఎంత ఏడ్చాడో చెప్పాడు గాని, కుండం గురించి దాదాపు ఏమీ రాయలేదు. మౌనంగా ఉంచవలసిన దాన్ని మౌనంగానే ఉంచాడు.

452లో హూణుల రాజు అట్టిలా సేనలు నగరాన్ని కొల్లగొట్టాయి. దేవాలయాన్ని తిరిగి కట్టుకున్నారు. పసిపిల్లలకే స్నానం చేయించడం వాడుకైన కొద్దీ, పెద్దలు దిగే కుండానికి పని తగ్గింది. పద్నాలుగో శతాబ్దం చివర కొత్త కతీడ్రల్ గోడలు ముందుకు సాగుతుంటే మందిరాన్ని తొలగించారు; సాంతా తెక్లాను 1461లో కూల్చడం మొదలుపెట్టారు. అయినా కొత్త కట్టడానికి నేల ఎత్తు పెంచడం వల్లనే పాత గోడల మొదళ్లు చెక్కుచెదరకుండా మిగిలాయి. 1943లో బాంబుదాడుల నుంచి తలదాచుకునే ఆశ్రయం తవ్వుతుండగా సాంతా తెక్లా పునాదులు బయటపడ్డాయి. 1964లో మొదలైన మెట్రో మొదటి మార్గం కోసం, అంతకుముందు ఏళ్లలో చౌకును తవ్వినప్పుడు అష్టభుజి కుండం పూర్తిగా వెలుగులోకి వచ్చింది.

కతీడ్రల్ ఉత్తర భాగపు సామగ్రి గది కింద ఇంకొక చిన్న కుండం ఉంది. దాన్ని సాంతో స్టెఫానో అల్లె ఫోంతి అంటారు. 374 చలికాలపు ఆరంభంలో, తనను ఎన్నుకున్న జనం ముందు, రాష్ట్ర పాలకుడైన ఆంబ్రోస్ మొదటిసారిగా దిగిన నీరు అక్కడిదేనని మిలాన్ సంప్రదాయం చెబుతుంది.