ఫ్యూజు ఎందుకు పోయింది?

వేటపాలెం మగ్గాల వీధిలో ఒక రేడియో మెకానిక్ అరుగు. మిట్టమధ్యాహ్నం. పక్కింటి గుంటమగ్గం మీద నాడె టకటకమంటూ అటూ ఇటూ పరుగెడుతోంది. మీ ముందు బల్ల మీద పాత వాల్వు రేడియో, వెనక అట్ట ఊడదీసి ఉంది. దాన్ని తెచ్చిన ఓ ఇంటి కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మొన్నటిదాకా బానే పాడింది బాబాయ్. తర్వాత గొంతు బొంగురుపోయింది. మాడు వాసనొచ్చి ఫ్యూజు పోయింది. మా ఆయన మళ్ళీ వేశాడు."

మెకానిక్ ఫ్యూజు ఊడదీసి మీ అరచేతిలో పెడతాడు. అర ఆంపియర్ గాజు ఫ్యూజు, దాని చుట్టూ మందపాటి రాగితీగ.

"ఫ్యూజు వేశాడా? ఫ్యూజుకి ఉరేశాడు. అది పోయి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడింది. ఎందుకు పోయిందో అడక్కుండా తీగ చుడితే ఈసారి పోయేది ట్రాన్స్‌ఫార్మరే."

పెట్టె లోపల వేలెడు దుమ్ము, ఎండిపోయిన బల్లి గుడ్లు. మూలన ఇరికించిన రేడియో లైసెన్సు పుస్తకం, అందులో వరసగా అతికించిన బిళ్ళలు. 1980ల దాకా రేడియో ఉన్న ఇల్లు ఏటేటా పోస్టాఫీసులో డబ్బు కట్టాల్సిందే. ఈ వీధిలో చాలామంది కట్టే ఉంటారు. మగ్గం గుంటలో కూర్చున్నవాడికి చేతులు, కాళ్ళు, కళ్ళు అన్నీ పనిలోనే ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఆ చెవుల్ని పట్టుకుంది. అక్కడి నుంచి ఉషశ్రీ చెప్పే ధర్మసందేహాలు, రేడియో సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై వేసే సినిమా పాటలు నేతపనిలోనే వినేవారు.

ఛాసిస్ బయటికొచ్చింది. ఐదు వాల్వులు. ఈసీహెచ్ 81, ఈఎఫ్ 89, ఈబీసీ 81, స్పీకర్ని తోలే ఈఎల్ 84, ఏసీని డీసీ చేసే ఈజెడ్ 80. మీ చెయ్యి అటు వెళ్ళబోతుంటే ఆయన ఆపుతాడు. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో 250 వోల్టులు ఉండిపోవచ్చు. వాటి కాళ్ళకు రెసిస్టర్ తగిలించి, మీటర్ సున్నా చూపించాకే చెయ్యి పెట్టనిస్తాడు. కరెంటు ఉన్నప్పుడు కొలిస్తే ఎడమ చెయ్యి జేబులోనే ఉండాలంటాడు.

ముందు కరెంటు లేకుండా కొలతలు. మెయిన్స్ తీగ రబ్బరు పెళుసెక్కింది, మార్చేశాడు. హైటెన్షన్ లైనుకీ ఛాసిస్‌కీ మధ్య మీటర్ పెడితే అంకె కింద మొదలై నెమ్మదిగా పైకి పాకింది. కండెన్సర్ ఛార్జి అవుతోంది, షార్టు లేదు.

ఇప్పుడు సిరీస్ బోర్డు. చెక్క మీద ఒక హోల్డర్, అందులో 60 వాట్ల బల్బు. రేడియోకి పోయే కరెంటంతా ఆ బల్బు గుండానే పోవాలి. లోపల కరెంటు తిండి ఎక్కువైతే బల్బు వెలిగిపోతుంది, రేడియో మాత్రం బతుకుతుంది. స్విచ్చి వేశాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని, వెంటనే తగ్గింది. వాల్వుల్లో ఫిలమెంట్లు ఎర్రబడ్డాయి. అర నిమిషం గడిచింది. ఈజెడ్ 80 వేడెక్కింది. బల్బు మళ్ళీ పెరిగింది, తగ్గనంటోంది.

స్విచ్చి తీసి, గుడ్డతో పట్టుకుని ఈఎల్ 84 లాగేశాడు. మళ్ళీ వేశాడు. ఈసారి బల్బు మసకగా వెలిగింది.

"వాల్వు పోయిందా బాబాయ్?"

"పోయిందనుకుని కొత్తది కొనిపించేవాళ్ళున్నారు," అంటూ డబ్బాలోంచి మంచి ఈఎల్ 84 తీసి గుచ్చాడు. బల్బు మళ్ళీ భగ్గుమంది. వాల్వు నిర్దోషి.

"పడుగులో పోగు తెగితే ఏం చేస్తావమ్మాయ్? బట్ట దగ్గర మొదలెట్టి వెనక్కి వెతుక్కుంటూ పోతావు. ఇదీ అంతే."

మీటర్ మొన ఈఎల్ 84 గ్రిడ్డు కాలి మీద ఆనించాడు. అక్కడ ఛాసిస్‌తో పోలిస్తే సున్నా ఉండాలి. ప్లస్ 8 వోల్టులు ఉంది. బల్బు తప్పించి, కొద్ది సెకన్లు మాత్రం నేరుగా కరెంటిచ్చి కాథోడు కొలిచాడు. 7 ఉండాల్సిన చోట 14. అక్కడున్నది 135 ఓముల రెసిస్టర్. లెక్క మీరే కట్టండి: 100 మిల్లీ ఆంపియర్లు దాటింది. ఈ వాల్వుకు అందులో సగం చాలు. ఈజెడ్ 80 భరించేదే 90.

గ్రిడ్డు మీదకు ఆ వోల్టులు ఎక్కడివి? వెనక్కి వెళ్తే చిటికెనవేలంత మైనపు గొట్టం, 0.01 మైక్రోఫారడ్ పేపర్ కండెన్సర్. ఈబీసీ 81 ప్లేటు మీది పాటను ఈవలికి వదిలి, డీసీని ఆవలే ఆపడం దాని పని. స్విచ్చి తీసి దాని గ్రిడ్డు వైపు కాలు విప్పి, మళ్ళీ వేసి, ఆ గాల్లో ఉన్న కొనకు మీటర్ పెట్టాడు. మంచిదైతే అంకె ఒక్క క్షణం ఎగిరి సున్నాకి పడిపోవాలి. 60 వోల్టుల దగ్గర నిలబడిపోయింది. లోపలి కాయితం దశాబ్దాలుగా తేమ పీల్చింది. సముద్రం పక్క ఊరు, తేమకు కొదవేముంది?

సోల్డరింగ్ ఐరన్ మళ్ళీ కాలేలోపు ఆయన ఇంకో మాట చెబుతాడు. ఈ రేడియో పనిచేసే సూపర్‌హెట్ పద్ధతిని ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ 1918లో కనిపెట్టాడు. ఈ ఊళ్ళో సారస్వత నికేతనం గ్రంథాలయం పుట్టిందీ ఆ ఏడే. ఈ మెకానిక్ రేడియో పాఠాల్లో కొన్ని అక్కడి బల్లల మీద చదువుకున్నవేనట.

రాళం పొగ లేచింది. 630 వోల్టుల కొత్త ఫిల్మ్ కండెన్సర్ కూర్చుంది. గ్రిడ్డు: సున్నా. బల్బు మసకగా నిలిచింది. దాన్ని తప్పించి కొలిస్తే కాథోడు: 7. అర ఆంపియర్ ఫ్యూజు వేసి, జాలీ ఏరియల్ తగిలించాడు. ముల్లు 837 కిలోహెర్ట్జ్ వైపు జరుగుతుంటే గరగర, ఈల, ఆ తర్వాత నిండుగా మనిషి గొంతు. కోడలు రేడియో ఎత్తుకోడానికి వంగింది.

"ఆగమ్మాయ్. ఆ పాడైనదానితోపాటు పుట్టినవి లోపల ఇంకా నాలుగున్నాయి."

"పాడుతోందిగా బాబాయ్! రేపటికల్లా తెమ్మన్నాడు మా మామయ్య."

"మొన్నా పాడింది," అంటూ ఆయన స్విచ్చి తీసేసి, రెండో మైనపు గొట్టం కాలు విప్పడం మొదలుపెట్టాడు. "ఎల్లుండి రా. వచ్చేటప్పుడు ఆ రాగితీగ చుట్టినాయన్ని కూడా తీసుకురా."