పసుపు కుంకుమ కింద అరెకరం

మంటకి కాస్త ఎడంగా కూర్చో అమ్మలూ, రవ్వలు లేస్తున్నాయి. ఆడపిల్ల వాటా సంగతి అడిగావుగా, చెబుతా విను. తమ్ముణ్ణీ పిలువు, వాడూ వినాలి.

మా రోజుల్లో పొలం కాగితాల్లో ఆడదాని పేరు కనపడేది కాదు. పొలంలో మాత్రం ఆడది లేని రోజు లేదు. నాట్లు మేమే, కలుపు మేమే, కుప్ప నూర్చాక కళ్ళంలో గింజ గింజా ఊడ్చిందీ మేమే. ఎవరిదమ్మా పొలం అంటే మా నాయన పేరో, అన్న పేరో చెప్పేవాళ్ళం.

1956లో వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి స్వార్జితమైతే, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుకుతో సమానమే అన్నారు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగపిల్లలకే ఉంచేశారు. మా ఊళ్ళో ఎక్కువ పొలం అలాంటిదే. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వలేదనే కదూ, 1951లో అంబేడ్కర్ గారు మంత్రి పదవి వదిలేసింది! అంత పెద్దాయనకే అలా అయింది.

నా పెళ్ళికి నాయన పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాడు. ఊళ్ళో అదే గొప్పగా చెప్పుకున్నారు. మిగతా ఎనిమిదెకరాలూ అన్నలవేనని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

తరవాత మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం చట్టం మార్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటా. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి మాత్రం లేదన్నారు. నాకు పెళ్ళయిపోయింది, మీ చిన్నమ్మమ్మకి కాలేదు. ఒక్క తల్లి బిడ్డలం, దానికి హక్కుంది, నాకు లేదు.

దానికైనా దక్కిందా? నాయన పోయాక అన్నలు పట్టుచీర పెట్టి, రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. దస్తావేజు రాసినాయన అందులో ఏముందో చదివి వినిపించలేదు. ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. సంతకాలయ్యాక ఎడమ బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించారు. అది ఆ వేలు తలకి రాసుకుని తుడుచుకుంది. నా హక్కు ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని ఉంది కాగితంలో. ఏం ఇష్టం? వాటా అడిగితే పండక్కి పిలిచే దిక్కుండదు, పురిటికి పుట్టిల్లుండదు అన్న భయం. దాన్ని ఇష్టమంటే నేనొప్పుకోను.

2005లో దేశమంతటికీ చట్టం మారింది, పెళ్ళి షరతూ పోయింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి హక్కుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలని కదపరు. మా ఇంటి కాగితాలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే అయిపోయాయి.

ఒరే నాయనా, రేపు అక్క వాటా అడిగితే పుట్టిల్లు కావాలా పొలం కావాలా అని అడక్కు. రెండూ దానివే. అమ్మలూ, నువ్వు చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నా అరెకరం మీ అమ్మకీ, మామయ్యకీ చెరిసగం రాశాను. మొన్ననే రిజిస్టరైంది.